నాకంటే ముందు చూసినామె

శ్రీరాంపూర్‌లో తోటి టీచరు కూతురి పెళ్లికని బస్సులో పోతుంటే, నస్పూర్ దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆమె కనిపించింది. 'ప్రభువునందు నిద్రించిన మా అమ్మ' అని రాసి ఉంది. పసుపు మీద ఆకుపచ్చ చీర, అక్షరాలేమో గులాబీ రంగు. బతికి ఉండగా చూస్తే ఆ ఫ్లెక్సీ వేసినవాణ్ణి షాపులోంచి బయటికి లాగి మరీ తిట్టేది. మ్యాచింగ్ సెంటర్ నడిపిన మనిషి. జాకెట్టు ముక్క రంగు చీర అంచుకు ఒక్క పిసరు తప్పినా ఒప్పుకునేది కాదు.

బస్సు ముందుకు పోయింది. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఈ సంగతి ఇంటికి పోయి అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పాలి, అవ్వ ఏడుస్తుంది, ఎంత ఏడుస్తుందో, అనిపించింది. నేను పోతే అంత ఏడుస్తుందా అని కూడా అనిపించింది. పెళ్లిలో ఏం తిన్నానో గుర్తులేదు.

ఆమె పేరు రాయను. పేరు రాస్తే ఇది పూర్తిగా ఆమె కథ అయిపోతుంది. మా అవ్వ కథ, నా కథ కూడా ఇందులో ఉన్నాయి.

మా అవ్వది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. మరమగ్గాలకు కండెలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు ఒక పక్కకు వంగిపోయాయి. మా బాపు పోయాక నా దగ్గరికి ఖానాపూర్ వచ్చింది. నేను అక్కడ హైస్కూల్లో తెలుగు చెప్తాను. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. అవ్వ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. "లేపి కూర్చోబెట్టడానికి, నడిపించడానికి మనిషి కావాలి, కొన్ని నెలలు నర్సింగ్ ఉన్న చోట పెట్టండి" అన్నాడు డాక్టరు. అక్కడే ఒక గల్లీలో ముసలివాళ్ల కోసం నడిపే నర్సింగ్ హోమ్ దొరికింది. ముందు గదిలో నున్నటి టైల్స్, పూలదండ వేసిన దేవుడి పటం, తెల్లకోటు వేసుకున్న మేనేజరు. చూడటానికి ఆదివారం మాత్రమే రానిస్తారు. అది కూడా నాకు క్రమశిక్షణలాగే అనిపించింది. బడిలో పనిచేసేదాన్ని కదా, టైం టేబుల్ ఉన్న చోటు మంచిదనే అనుకుంటాను.

ఆమెను మొదటిసారి చూసింది అక్కడే. బత్తాయిల సంచితో నేను గదిలోకి పోయేసరికి, లావుపాటి మనిషి ఒకామె మా అవ్వ మంచం మీద కాలు మడిచి కూర్చుని ఉంది. చెవులకు పెద్ద కమ్మలు, వంకాయ రంగు చీర, దానికి సరిగ్గా సరిపోయే జాకెట్టు, అదే రంగు గాజులు. అవ్వ నవ్వుతోంది. ఆపరేషన్ అయ్యాక నవ్వు చూడలేదు నేను.

"వచ్చిందవ్వా, నీ బిడ్డ" అంటూ ఆమె నన్ను కూర్చోమనకుండానే నా చీర కొంగు అందుకుంది. బొటనవేలితో రుద్ది చూసింది. "గిది పట్టు అని అమ్మిండ్రా నీకు? సగం నైలాన్ కలిపిండ్రు చెల్లె."

"నేను గప్పుడే చెప్పిన" అంది అవ్వ. "ఇంటదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నా చీర మీద, నేను లేనట్టే. నేను ఆమెకు చెల్లెను ఎప్పుడయ్యానో నాకు తెలియలేదు.

పక్క మంచం మీద ఉన్న ముసలామె ఆమె పెద్దమ్మ. ఈమె చిన్నప్పుడే తల్లి చనిపోతే ఆ పెద్దమ్మే పెంచింది. ఆ పెద్దమ్మకు ఇప్పుడు ఎవరూ గుర్తులేరు. ఈమె వచ్చి బుగ్గ నిమిరితే ఎవరో పాలమ్మే మనిషి అనుకుని "ఇయ్యాల పాలు వద్దు" అనేది. ఈమె "సరే తల్లీ, రేపు తెస్త" అని, ఆ మంచం దగ్గర పని ముగించుకుని, మా అవ్వ మంచం మీదికి వచ్చి కూర్చునేది.

గుడ్డల గురించి మాట్లాడుకునేవాళ్లు. సిరిసిల్ల నూలు గురించి, పోచంపల్లి రంగుల గురించి, ఈ కాలపు పాలిస్టర్ గురించి. నేను ఆ ఇంట్లో పుట్టాను గానీ నాకు నూలు లెక్కలు రావు. చదువుకోమని మా అవ్వే నన్ను మగ్గం దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు ఆ మాటల్లో నాకు చోటు లేదు. బత్తాయిలు ఒలిచి పెట్టి కూర్చునేదాన్ని. ఆమె స్టీలు డబ్బాలో మొక్కజొన్న రవ్వతో మెత్తగా వండిన మక్కగట్క, చల్ల తెచ్చేది. అవ్వ నా బత్తాయి తొన పక్కన పెట్టి, గట్క తినేది. "పండ్లు లేనోళ్లకు పండ్లు తెస్తదేంది?" అని ఆమె నన్ను చూసి నవ్వేది. తినేముందు కళ్లు మూసుకుని బిగ్గరగా ప్రార్థన చేసేది, మెథడిస్టు చర్చిలో పాటలు పాడే గొంతు. మార్కండేయుడికి తప్ప ఎవరికీ మొక్కని మా అవ్వ చివర్లో "ఆమెన్" అనేది. ఒకసారి నేను అవ్వను అడిగాను. "అన్నం మీద మొక్కుతున్నది గదా, ఏమైతది?" అంది.

అన్నిటికంటే నాకు కాలింది ఆ 'బిడ్డా' అన్న పిలుపు. మా అవ్వ నన్ను 'టీచరమ్మా' అంటుంది, కొంచెం ఎగతాళిగా, కొంచెం గర్వంగా. ఆమెను 'బిడ్డా' అనేది.

ఆదివారం నియమం ఆమెకు పట్టేది కాదు. షాపుకు సరుకు కోసం కరీంనగర్ వచ్చినప్పుడల్లా గేటు ముందు ఆటో దిగేది. వాచ్‌మన్ అడ్డుపడితే గల్లీ అంతా వినపడేటట్టు అరిచేది.

"మా పెద్దమ్మ జైల్ల ఉన్నదా, ములాఖత్‌కు టైం పెట్టనీకి? గేటు తీస్తవా, గోడెక్కాల్నా?"

ఆ మనిషి గోడెక్కడం ఊహించుకునే వాచ్‌మన్ గేటు తీసి ఉంటాడు. నాకు అలా అరవడం రాదు. అరిచేవాళ్లంటే నాకు చిన్నచూపు కూడా ఉండేది. కానీ ఆమె బుధవారం చూసింది, శుక్రవారం చూసింది. నేను ఆదివారాలు చూశాను. ఆదివారం నాటికి అవ్వకు తల దువ్వి, ఉతికిన చీర కట్టి, ముఖానికి పౌడరు రాసి దిండుకు ఆనించి కూర్చోబెట్టి ఉంచేవాళ్లు. చేతులు దుప్పటి కింద ఉండేవి.

ఒక రోజు ఎనిమిదో తరగతిలో పాఠం మధ్యలో ఫోన్ మోగింది.

"చెల్లె, జర రాయే. ఏడ్వకు. ముందు బస్సెక్కు."

"అవ్వకు ఏమైంది?"

"పానం మంచిగనే ఉన్నది. నువ్వైతే రా."

బస్సులో కూర్చున్నంతసేపు భయంతో పాటు ఇంకొకటి కూడా నన్ను కొరుక్కుతింది. మా అవ్వ గురించి నాకు కబురు చెప్పడానికి ఆమె ఎవరు?

జరిగింది ఇది. షాపుకు కొత్త మట్టిగాజులు వచ్చాయని ఆమె ఒక జత అవ్వకు తెచ్చింది. చెయ్యి పట్టుకుంటే అవ్వ వెనక్కి గుంజుకుంది. ఆమె వదల్లేదు. దుప్పటి తీసి చూస్తే మణికట్ల చుట్టూ ఎర్రగా కోసుకుపోయిన చారలు, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. ఒక పక్కకు తిప్పి చూస్తే నడుము కింద పుండు. ఆ తర్వాత తన పెద్దమ్మ చేతులు చూసింది. అవీ అంతే. అయితే ఆ పెద్దమ్మకు పొద్దున, మధ్యాహ్నం నిద్రమాత్రలు వేసి పడుకోబెట్టేవారు కాబట్టి చారలు తక్కువ.

"ఎవలు కట్టిండ్రు అవ్వా?" అని అడిగిందట.

అవ్వ మొదట చెప్పిన మాట ఇది: "పాలిస్టర్ గుడ్డతోని కట్టిండ్రు బిడ్డా. నూలుదైతే గింత కోసుకపోయేది కాదు."

ఇదంతా నేను చేరగానే ఆమె చెప్పింది. అంతా విని కూడా ఒక ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాను. "అవ్వ నాకెందుకు చెప్పలేదు?"

ఆమె దాచకుండా చెప్పింది. అబద్ధం చెప్పి నన్ను ఊరడించే అలవాటు ఆమెకు లేదు. "నేను గూడ అదే అడిగిన. 'దానికి చెప్తే ఏడుస్తది. నువ్వైతే కొట్లాడుతవ్' అన్నది."

అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను వచ్చిన సంగతి తెలుసు. నావైపు తిరగలేదు.

మేనేజరు తెల్లకోటు వేసుకునే వచ్చాడు. "మంచం మీదికెళ్లి పడిపోతదని కట్టినం మేడం. పేషెంటు సేఫ్టీ కోసమే. ఉన్న ఒక్క ఆయాతోని అందర్నీ చూస్కోవాలె గదా."

"పుండు గూడ సేఫ్టీ కోసమేనా?" అంది ఆమె. అంటూనే ఫోనులో ఫోటోలు తీసింది. మణికట్లు, పుండు, మంచం రాడ్డుకు ఇంకా వేలాడుతున్న గుడ్డ పేలిక. అతను ఫోన్ లాక్కోబోతే దాన్ని జాకెట్టులో దోపుకుని "గిప్పుడు గుంజు" అంది.

ఆ సాయంత్రమే ఇద్దరు ముసలివాళ్లనూ అంబులెన్సులో సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. డ్యూటీ డాక్టరు గాయాలన్నీ చూసి, కట్టేయడం వల్ల అయినవేనని రాసి, పోలీసులకు కబురు పంపాడు. నాకు అప్పటికే ఒకటే కోరిక. అవ్వను ఖానాపూర్ తీసుకుపోవాలి, తలుపు వేసుకోవాలి, ఈ మనుషులెవరినీ మళ్లీ చూడకూడదు. అదే అన్నాను.

"నీ అవ్వను నువ్వు తీస్కపోతవ్" అంది ఆమె. "మా పెద్దమ్మను నేను తీస్కపోత. మిగిలినోళ్లను ఎవలు తీస్కపోతరే?"

పోలీస్ స్టేషన్లో ఒక పెద్దమనిషి మాకు కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించి, కాంప్రమైజ్ చేసుకొమ్మన్నాడు. పేరున్న చోటు, వాళ్లు క్షమాపణ చెప్తారు, కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతారు అన్నాడు. ఆమె చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "క్షమాపణ పుండు మీద రాస్తరా సారూ?" అని లేచింది.

కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం ఇచ్చే కేంద్రం ఉందని దవాఖానలో నర్సు చెప్పింది. పోయాం. అక్కడ కూర్చున్న లాయరు మా బడిలో చదువు ముగించి పోయే పిల్లలకంటే కొంచెం పెద్దదేమో, అంత చిన్న అమ్మాయి. కానీ మాటల్లో తొట్రుపాటు లేదు. ఆడవాళ్లకు సంపాదన ఎంతైనా సరే, ఫీజు లేకుండా కేసు చూస్తామంది. డాక్టరు రాసినది, ఫోటోలు, తీసిన రోజు చెరిగిపోకుండా భద్రంగా ఉంచమంది. పోలీసు ఫిర్యాదు తీసుకోకపోతే పై అధికారికి, అక్కడా కాకపోతే కోర్టుకే పోవచ్చంది. ముసలివాళ్ల సంక్షేమం చూసే అధికారికి వేరేగా అర్జీ ఇస్తే ఆ ఇల్లంతా తనిఖీ చేస్తారంది. సేవకు డబ్బు తీసుకుని ఇలా చేసినందుకు వినియోగదారుల కోర్టుకు కూడా పోవచ్చని చెప్పింది. ఒక్కొక్కటి మేం అర్థం చేసుకున్నామో లేదో చూసి తర్వాతి దానికి పోయింది.

"ఫిర్యాదు మీ పేరు మీద పెడదామా అమ్మా? మీ అమ్మే కదా?" అని అడిగింది. నన్ను కాదు, ఆమెను. చక్రాల కుర్చీలో ఉన్న మా అవ్వ చెయ్యి ఆమె చేతిలో ఉంది మరి. ఎవరు చూసినా అట్లాగే అనుకుంటారు. నా ముఖం మండింది.

ఆమె అవ్వ చేతిని తీసి నా ఒళ్లో పెట్టింది. "బిడ్డ గామె మేడం. నేను పక్కమంచం దాన్ని."

ఆ చెయ్యి నా ఒళ్లో కొంచెంసేపు ఊరికే ఉంది. తర్వాత నా వేళ్లు పట్టుకుంది.

మా అర్జీ మీద ఆ సంక్షేమ అధికారి ముందు విచారణ జరిగిన రోజు నాకు బాగా గుర్తుంది. మేనేజరు పెద్ద లాయరును తెచ్చుకున్నాడు. ఆమె ముదురు నీలం చీర కట్టుకుని, కమ్మలు మార్చుకుని, కొట్లాటకు వచ్చినట్టే వచ్చింది. లోపలికి పిలిచారు. అధికారి "చెప్పండమ్మా, మీరు ఏం చూశారు?" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

గేటు ముందు గల్లీని లేపిన మనిషి అక్కడ టేబుల్ అంచు పట్టుకుని నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సారూ..." అని ఆగిపోయింది. వాళ్ల లాయరు చిన్నగా నవ్వాడు. తర్వాత తెలిసింది నాకు. భర్త బొగ్గుబాయి ప్రమాదంలో పోయినప్పుడు చంటిపిల్లను ఎత్తుకుని పరిహారం కోసం ఇట్లాంటి టేబుళ్ల ముందే ఏళ్ల తరబడి నిలబడిందట. వాచ్‌మన్‌లంటే భయం లేదు గానీ, టేబుల్ వెనక కూర్చున్న మనిషి ముందు ఆమెకు ఇంకా నోరు పెగలదట.

నేను లేచాను. ఏడుస్తానని మా అవ్వ అనుకున్న మనిషిని. ముప్పై ఏళ్లు బడిలో వెనక బెంచీ దాకా వినపడేటట్టు మాట్లాడిన గొంతు ఒకటి నా దగ్గర ఉంది. దాంతోనే చెప్పాను. ఆదివారాలు ఎట్లా ముస్తాబు చేసి చూపించారో, మిగతా రోజులు ఎట్లా ఉంచారో, ఏ చేతికి ఎక్కడ గాయమో వరసగా చెప్పాను. పడిపోకుండా కట్టామని వాళ్ల లాయరు అంటే, "కట్టేసి ఉంచమని ఏ డాక్టరు చెప్పాడో పేరు చెప్పమనండి" అన్నాను. ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కిటికీ వైపు చూశాడు. అప్పుడు మా అవ్వ అడగకుండానే రెండు చేతులూ ఎత్తి చూపించింది.

బయటికి వచ్చాక ఆమె నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. మంచిగ మాట్లాడినవ్ అనలేదు. ముక్కు చీదుకుని, కమ్మలు సర్దుకుని, "చాయ్ తాగుదాం పా" అంది. అవ్వ కూడా దారంతా ఆమెనే ఓదార్చింది. "భయపడ్డవా బిడ్డా" అని. ఆ రోజు కూడా గెలిచింది నేను, ఓదార్పు ఆమెకు.

తనిఖీ జరిగింది. ఆ ఇంటికి తాళం పడింది. అక్కడున్నవాళ్లను వేరే చోట్లకు మార్చారు. ఆ రోజు గేటు దగ్గర ఒకతను మా మీదికి వచ్చాడు. "మీరు మంచిగనే తీస్కపోయిండ్రు. మా బాపును నేను యాడ వెట్టాలె? పొద్దుగాల పనికి పోతే పొద్దుమీకి వస్త" అన్నాడు. ఆమె అతనితో కొట్లాడలేదు. అతని తండ్రికి మంచిర్యాలలో చోటు దొరికేదాకా వెంట తిరిగింది. ఆయాను కూడా తిట్టనివ్వలేదు. "ఒక్కతే ఎందర్ని లేపుతది? కట్టమన్నోన్ని అడుగుండ్రి" అనేది. మేనేజరు మీద కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకు నేను పోయి వస్తున్నాను.

ఆమె పెద్దమ్మ నస్పూర్‌లో ఆమె ఇంట్లోనే, చివరిదాకా ఈమెను పాలమ్మే మనిషి అనుకుంటూనే పోయింది. మా అవ్వ పుండు మానింది. వాకర్ పట్టుకుని వాకిలి దాకా నడుస్తుంది. కొన్ని సాయంత్రాలు ఆమె ఫోన్ వచ్చేది. మోకాలి నొప్పి సంగతి ముందు ఆమెకే చెప్పేది అవ్వ, తర్వాత ఆమె నాకు ఫోన్ చేసి "అవ్వకు మోకాలు గుంజుతుందట, సూడరాదే" అనేది. పక్క గదిలో ఉన్న నా తల్లి నొప్పి నస్పూర్ పోయి నా దగ్గరికి తిరిగి వచ్చేది. నేను పళ్లు కొరుక్కుని తైలం తీసుకుని పోయేదాన్ని.

పెళ్లి నుంచి ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. గుండెపోటట, షాపులోనే అట, పెళ్లిలో వాకబు చేస్తే తెలిసింది, అని. అవ్వ నేననుకున్నట్టే ఏడ్చింది. గొంతెత్తి, పేరు పెట్టి, బిడ్డా బిడ్డా అని. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. మనిషి పోయినా నా కడుపులో ఆ మంట పోలేదు. దానికి సిగ్గుపడటం కూడా నాకు చేతకాలేదు.

"నన్ను ఆడికి తీస్కపో" అంది అవ్వ.

జ్ఞాపకార్థ కూడికకు కారు మాట్లాడుకుని పోయాం. ఇంటి ముందు షామియానా, పాటలు. ముసలివాళ్లు చాలామంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అవ్వను ఒక కుర్చీలో కూర్చోబెట్టగానే ఆమె కూతురు వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, తల్లి పోలికే, తల్లి అంత లావు కాదు. అవ్వ ఆ అమ్మాయి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని మళ్లీ ఏడ్చింది. తర్వాత ఆ అమ్మాయి నావైపు తిరిగింది.

"టీచరమ్మ అంటే మీరేనా?"

"అవును."

"మీ ముచ్చటనే చెప్పేది మా మమ్మీ. ఆఫీసర్ ముందట మీరు ఎట్ల మాట్లాడిండ్రో, ఎవలొచ్చినా అదే చెప్పేది. నేను డిగ్రీ ఫస్ట్ క్లాస్‌ల పాసైనప్పుడు గూడ..." ఆగింది. "నాకు ఫోన్ చేసినప్పుడల్లా, ఆ టీచరమ్మ తీర్గ ధైర్యం నేర్సుకోవాలె అని నన్నే తిట్టేది. నాకు ఒక్కసారి గూడ శభాష్ అనలే."

నవ్వుతూనే అంది. పెదవులు నవ్వుతున్నాయి. కళ్లు మాత్రం నా చీర అంచు నుంచి తలదాకా నన్ను కొలుస్తున్నాయి, తన తల్లి నాలో ఏం చూసిందో వెతుకుతున్నట్టు. ఆ చూపు నాకు తెలుసు. కరీంనగర్‌లో ఆ మంచం పక్కన బత్తాయిలు ఒలుస్తూ ఎన్నో ఆదివారాలు నేను అదే చూపుతో కూర్చున్నాను.

ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. మీ అమ్మ ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు అనో, నీ బాధ నాకు తెలుసు అనో. ఏది చెప్పినా ఆ అమ్మాయికి ఇంకా కాలుతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఎండల వచ్చిండ్రు, నీళ్లు తెస్త" అని ఆ అమ్మాయి లోపలికి పోయింది. అవ్వకు తెచ్చి ఇచ్చింది. నాకు తేవడానికి చాలాసేపు పట్టింది.